ఎస్2000 వెనక యాక్సిళ్లు ఇంట్లోనే మార్చాలి: మొండి నట్, ఒణుకు, ఒక "టక్"

తొమ్మిదివేలు:

అందరికీ నమస్కారం. నాది 2001 మోడల్ హోండా ఎస్2000, ఏపీ1 (మొదటి వెర్షన్). నేను మూడో ఓనర్‌ని. నా ముందాయన స్ప్రింగులు మార్చి కారుని 35 మి.మీ. కిందికి దించాడు. చూడ్డానికి బాగుంది కదా అని నేనూ అలాగే ఉంచేశాను. ఇప్పుడు దాని ఫలితమే అనుభవిస్తున్నానేమోనని అనుమానం.

విషయం ఏంటంటే, మూడో గేర్లో 60 దాటాక యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే వెనక నుంచి ఒణుకు మొదలవుతుంది. స్టీరింగ్‌లో కాదు, సీట్లోంచి నడుముకి తెలుస్తుంది. కాలు తీయగానే స్విచ్ ఆపినట్టు పోతుంది. నెమ్మదిగా వేగం పెంచుకుంటూ వెళ్తే 100 దాటినా రాదు. చక్రాలు బ్యాలెన్స్ చేయించాను, ఏం తేడా లేదు. ఇది కాక ఇంకోటి ఉంది. రివర్స్ నుంచి ఫస్ట్‌కి మార్చి క్లచ్ వదిలినప్పుడు వెనక ఒకే ఒక్క "టక్". మళ్లీ దిశ మార్చేదాకా వినపడదు.

నిన్న జాకీ పెట్టి లేపి చూస్తే కుడి యాక్సిల్ (వెనక చక్రానికి పవర్ తీసుకెళ్లే షాఫ్ట్) లోపలి జాయింట్ మీది రబ్బరు బూటు చీలిపోయి ఉంది, సబ్‌ఫ్రేమ్ (వెనక సస్పెన్షన్‌ని మోసే చట్రం) నిండా గ్రీజు చిమ్మింది. అందుకని రెండు వైపులకీ కొత్త యాక్సిళ్లు తెచ్చి నేనే వేసేద్దామనుకుంటున్నాను. బ్రేక్ ప్యాడ్లు, డిస్కులు, షాక్ అబ్జార్బర్లు ఇంట్లో మార్చుకున్న అనుభవం ఉంది. యాక్సిల్ జోలికి మాత్రం ఎప్పుడూ పోలేదు. హబ్ (చక్రం బిగించే భాగం) మధ్యలో ఉండే ఆ పెద్ద నట్ ఎలా ఊడుతుంది? నా టార్క్ రెంచ్ (బిగువు కొలిచే పానా) 210 న్యూటన్ మీటర్ల దగ్గరే ఆగిపోతుంది, మళ్లీ బిగించడానికి సరిపోతుందా? డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలకీ పవర్ పంచే గేర్ల పెట్టె) ఆయిల్ కారిపోతుందా? బయట దొరికే రెడీమేడ్ యాక్సిళ్లు నమ్మొచ్చా? లిఫ్ట్ లేదు. నాలుగు స్టాండ్లు, ఒక వారాంతం, బ్రేక్ తొక్కడానికి ఒక బావమరిది ఉన్నారు.

గ్రీజుచేతులు:

బ్రో, బూటు చీలింది, ఒణుకు కూడా ఉంది అంటే ఇంక ఆలోచించక్కర్లేదు. రెండు యాక్సిళ్లూ మొత్తంగా మార్చెయ్. నా టర్బో కారుకి నేను అదే చేశాను. బూటు ఒక్కటే మార్చడమంటే జాయింట్ విప్పి, పాత గ్రీజంతా కడిగి, కొత్తది నింపి... మూడు రోజులైనా గోళ్లలోంచి ఆ నలుపు పోదు. కొత్తదైతే పెట్టె తెరిచామా, బిగించామా, అంతే. నా కారులో షాఫ్ట్ లోపలి చివర నేరుగా డిఫరెన్షియల్‌లోకి దూరి సర్‌క్లిప్‌తో (స్ప్రింగు రింగుతో) లాక్ అవుతుంది. లాగగానే ఆయిల్ ధార కట్టింది. కింద పళ్లెం పెట్టుకో. తిరిగి దూర్చేటప్పుడు స్ప్లైన్లు (షాఫ్ట్ చివర ఉండే గాడిపళ్లు) సీల్ అంచుకి గీసుకోకుండా చూసుకో.

పాతపానా:

పైన చెప్పింది ఆయన కారుకి సరే. ఎస్2000లో యాక్సిల్ డిఫరెన్షియల్ లోపలికి దూరదు. బయట ఫ్లాంజ్ (బిళ్ల లాంటి అంచు) ఉంటుంది, దానికి ఆరు నట్లతో పట్టి ఉంటుంది. ఆయిల్ చుక్క కూడా పడదు, పళ్లెం అక్కర్లేదు.

ఇక అసలు మాట. కొత్త యాక్సిళ్లు ఎందుకు తమ్ముడూ? కారు దించి ఉందన్నావు, జవాబు సగం అక్కడే ఉంది. లోపలి జాయింట్ ట్రైపాడ్ రకం. షాఫ్ట్ చివర మూడు కాళ్లు, ఒక్కో కాలికి ఒక రోలర్, ఆ మూడూ ఒక కప్పులోని మూడు గాడుల్లో నడుస్తాయి. కారు మామూలు ఎత్తులో ఉంటే షాఫ్ట్ దాదాపు తిన్నగా ఉంటుంది, రోలర్లు గాడిలో పెద్దగా కదలవు. దించితే షాఫ్ట్ వాలుతుంది. అప్పుడు చక్రం తిరిగిన ప్రతి చుట్టుకీ రోలర్ గాడిలో ముందుకీ వెనక్కీ జారుతుంది. ఏళ్ల తరబడి ఒకే చోట జారితే అక్కడ పల్లం పడుతుంది. గట్టిగా పవర్ ఇచ్చినప్పుడు రోలర్ ఆ పల్లంలో ఎక్కుతూ దిగుతూ షాఫ్ట్‌ని అటూ ఇటూ తోస్తుంది. నీ ఒణుకు అదే అయ్యుండాలి. కాలు తీయగానే ఎందుకు పోతుందంటే, లోడ్ తగ్గిపోతుంది, ఉన్న కాస్తా గాడి రెండో గోడ మీదికి మారుతుంది. ఆ గోడ దాదాపు అరగకుండా ఉంటుంది.

ఆ రెండో గోడే నీకు పనికొచ్చేది. కుడి కప్పు ఎడమకీ, ఎడమ కప్పు కుడికీ వేశావనుకో, ఇన్నాళ్లూ ఖాళీగా కూర్చున్న గోడ పనిలోకి వస్తుంది. దించిన ఎస్2000లు ఉన్నవాళ్లు ఎప్పటినుంచో చేస్తున్న పనే ఇది. బూట్లు, క్లాంపులు, గ్రీజు, రెండు కొత్త హబ్ నట్లు తెచ్చుకుంటే చాలు. ఒకటే షరతు. బూటు చీలి ఎన్నాళ్లయిందో నీకు తెలీదు కాబట్టి విప్పగానే కుడి జాయింట్ కడిగి చూడు. రోలర్ల మీద గుంటలు గానీ, వేడికి వచ్చిన నీలం మచ్చలు గానీ ఉంటే ఆ జాయింట్ మీద ఆశ వదులుకో. లేకపోతే మాత్రం బాగున్న ఒరిజినల్ షాఫ్ట్ తీసేసి ఊరూ పేరూ లేనిది పెట్టకు. నేను ఒకసారి వేరే కారుకి అలాంటిది వేసి, మూడు నెలల్లో పాతదాన్నే అటక మీంచి దింపి బూటు మార్చి ఎక్కించాను.

"టక్" వేరే జబ్బు. బయటి జాయింట్ భుజం, హబ్ బేరింగ్ లోపలి రింగు ఒకదానికొకటి ఆనే చోట నట్ బిగువు కాస్త తగ్గినా, ఆ ముఖాలు పొడిబారి తుప్పు పట్టినా, దిశ మారినప్పుడు స్ప్లైన్లలో ఉన్న వెంట్రుకవాసి ఖాళీ మేరకు షాఫ్ట్ కదిలి టక్కుమంటుంది. ఎలాగూ విప్పుతున్నావు కాబట్టి ఆ రెండు ముఖాలూ తుడిచి, పల్చగా మాలిబ్డినం పేస్టు రాసి, కొత్త నట్ వెయ్.

నట్ సంగతి. దాని అంచుని ఫ్యాక్టరీలోనే షాఫ్ట్ మీది గాడిలోకి కొట్టి అణిచి ఉంచుతారు, దానంతటది వదులవకుండా. సన్న ఉలితో ఆ అంచుని పూర్తిగా పైకి లేపాకే తిప్పు. సగం లేపి తిప్పితే షాఫ్ట్ మరలు పోతాయి, అప్పుడు నిజంగానే కొత్త యాక్సిల్ కొనాలి. చక్రం నేల మీద ఉండగానే మధ్యలో మూత తీసేసి, అందులోంచి 36 మి.మీ. సాకెట్ దూర్చు. హ్యాండ్‌బ్రేక్, ఫస్ట్ గేరు, ముందు చక్రాలకి అడ్డు చెక్కలు. అరంగుళం డ్రైవ్ కాకుండా ముప్పావంగుళం డ్రైవ్ బార్ సంపాదించు. ఆ నట్ వదులు చేశాక కారుని ఆ చక్రం మీద దొర్లించకు. బేరింగ్ రెండు సగాలనీ కలిపి పట్టుకునేది ఆ నట్ బిగువే.

లెక్కలపిచ్చి:

విప్పేముందు పది నిమిషాలు వెచ్చిస్తే ఒణుకు ఎక్కడిదో దాదాపు తేలిపోతుంది. ఫోన్లో కంపనాలు కొలిచే యాప్ ఏదో ఒకటి వేసుకోండి. సెకనుకి కనీసం 100 రీడింగులు తీసుకునేది కావాలి, 200 అయితే మరీ మంచిది.

ఏపీ1కి మొదట వచ్చిన వెనక టైరు 225/50 ఆర్16. మీదీ అదే అనుకుంటే చుట్టుకొలత సుమారు 1.98 మీటర్లు. 80 కి.మీ. వేగమంటే సెకనుకి 22.2 మీటర్లు, అంటే చక్రం సెకనుకి 11 చుట్ల పైచిలుకు తిరుగుతోంది. ఒణుకు 11 హెర్ట్జ్ దగ్గర ఉంటే అది చక్రం, టైరు, హబ్. ట్రైపాడ్‌కి మూడు కాళ్లు కాబట్టి అది ఒణికితే చుట్టుకి మూడుసార్లు, 34 హెర్ట్జ్ దగ్గర. ఈ కారు ఫైనల్ డ్రైవ్ 4.10, అంటే చక్రం ఒక చుట్టుకి ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక్కి వెళ్లే షాఫ్ట్) 4.1 చుట్లు తిరుగుతుంది కాబట్టి, ఒణుకు దానిది అయితే 46 దగ్గర. మూడూ దూరదూరంగా ఉన్నాయి, ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకునే ప్రమాదం లేదు. టైరు సైజు వేరే అయితే చుట్టుకొలత మార్చి లెక్కేసుకోండి.

తొమ్మిదివేలు:

లెక్కలపిచ్చి గారూ, మీకు దండం. ఫోన్‌ని రెండు సీట్ల మధ్య టేపుతో అంటించి, ఖాళీ రోడ్డు మీద మూడో గేర్లో 80 దగ్గర కాలు నొక్కాం. 33, 34 మధ్య ఒక్కటే నిటారు గీత. కాలు తీస్తే మాయం. 11 దగ్గర చిన్న గడ్డిపరక లాంటిది ఉంది, 46 దగ్గర ఏమీ లేదు. బావమరిది స్క్రీన్‌షాట్ తీసి "మీ కారుకి ఈసీజీ" అని పంపాడు.

పాతపానా గారూ, అయితే కప్పులు అటూ ఇటూ మార్చడానికే నిర్ణయించుకున్నాను. బూట్లు, నట్లు ఆర్డర్ పెట్టాను. బిగించేటప్పుడు మాత్రం ఇంకా టెన్షనే. 210 రెంచ్‌తో 210 దాకా బిగించి, ఆపైన బార్‌తో అందాజుగా ఇంకొంచెం లాగితే పర్లేదా?

పాతపానా:

పర్లేదు అనను. పెద్ద రెంచ్ ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకో. నీ కారు మాన్యువల్లో ఉన్న అంకె వెయ్, ఇక్కడ ఎవరో రాసిన అంకె కాదు. మరలకి నూనె రాయమందో పొడిగా ఉంచమందో కూడా అక్కడే చూడు, దాన్నిబట్టి బిగువు చాలా మారిపోతుంది. అందాజు ఎంత మోసం చేస్తుందో ఒక లెక్క చెప్తా. ఉదాహరణకి 250 న్యూటన్ మీటర్లు కావాలనుకుందాం. 60 సెం.మీ. బార్ చివర అది దాదాపు 42 కిలోల బరువు వేలాడినంత. అదే బార్‌కి పైపు తొడిగి 120 చేస్తే 21 కిలోలే చాలు. చేతికి తేలిగ్గా ఉందని ఇంకాస్త లాగుతావు, చూస్తే 350 దాటిపోయి ఉంటుంది.

ఇంపాక్ట్ గన్ ఉంటే విప్పడానికి వాడుకో, బిగించడానికి వద్దు. చక్రం గాల్లో ఉండగానే బ్రేక్ తొక్కించి పూర్తి టార్క్ వెయ్. బ్రేక్ ఆగకపోతే డిస్కుని జారకుండా ఆపే ఉపాయం చూడు గానీ, నట్ వదులుగా ఉన్న కారుని కిందికి దించి బరువు వెయ్యకు.

ఇంకొక్కటి. కాలిపర్ విప్పాక బ్రేక్ గొట్టానికి వేలాడదీయకు, తీగతో స్ప్రింగుకి కట్టు. ఏబీఎస్ వైరు క్లిప్పులు ముందే ఊడదీసి పెట్టుకో. నకిల్‌ని (హబ్‌ని పట్టుకునే భాగాన్ని) బయటికి వంచేటప్పుడు ముందు తెగేది ఆ వైరే.

తొమ్మిదివేలు:

పని అయిపోయింది. వేళ్లు ఇంకా పూర్తిగా ముడుచుకోవట్లేదు, అక్షరాలు తప్పు పడితే క్షమించండి.

శనివారం పొద్దున్న ఏడింటికి మొదలుపెట్టాం. ముప్పావంగుళం బార్ సాయంత్రం దాకా దొరకదని తెలిసినా ఆగలేక అరంగుళం దాంతోనే కుడి నట్ మీద పడ్డాను. బార్ విల్లులా వంగింది, నట్ కదల్లేదు. సాకెట్‌కీ బార్‌కీ మధ్య పెట్టిన ఎక్స్‌టెన్షన్ జంతిక చుట్టలా మెలి తిరిగింది, దాన్ని జ్ఞాపకంగా దాచుకున్నాను. సాయంత్రం పెద్ద బార్ వచ్చింది, చివర పైపు తొడిగి నా బరువంతా వేశాను. "ఠాంగ్" అని ఒక మోత. షాఫ్టే విరిగిందనుకుని రెండు క్షణాలు అలాగే నిలబడిపోయాను. చూస్తే నట్ పావు చుట్టు తిరిగింది. ఆ తర్వాత చేత్తోనే వచ్చేసింది.

కారుని వెనక స్టాండ్ల మీదికి ఎత్తాక లోపలి ఆరు నట్లు. వాటి దగ్గర సాకెట్‌కి చోటు లేదు, రింగు స్పానరే దిక్కు. పడుకుని చూస్తే ఒకసారికి రెండు నట్లే అందుతాయి. రెండు వదులు చేయడం, హ్యాండ్‌బ్రేక్ దించి గేరు న్యూట్రల్ చేయమని అరవడం, చక్రం తిప్పడం, మళ్లీ బ్రేక్, ఇంకో రెండు. పైన బావమరిది ఫోన్ చూసుకుంటూ ఒకసారి బ్రేక్ మర్చిపోయాడు, స్పానర్ జారి నా బొటనవేలు సబ్‌ఫ్రేమ్‌కి కొట్టుకుంది. ఆ తర్వాత ఫోన్ నా జేబులో పెట్టుకున్నాను.

అన్నిటికంటే ఎక్కువ సేపు పట్టింది బయటి చివర. స్ప్లైన్లు హబ్‌లో తుప్పుతో అతుక్కుపోయాయి. నట్‌ని షాఫ్ట్ చివరికి సమంగా తిప్పి ఉంచి, మధ్యలో ఇత్తడి ముక్క పెట్టి సుత్తితో కొట్టాను. ఏమీ కాలేదు. తుప్పు వదిలించే నూనె కొట్టి వదిలేసి పడుకున్నాం. ఆదివారం పొద్దున్న పుల్లర్ బిగించి, దాని స్క్రూ లాగి పెట్టి, పక్కనుంచి హబ్ మీద రెండు దెబ్బలు వేస్తే "టప్" అని అంగుళం లోపలికి జరిగింది. పై ఆర్మ్ బాల్ జాయింట్ స్ప్లిట్ పిన్ తీసి, నట్ విప్పి, నకిల్‌ని బయటికి వంచితే యాక్సిల్ చేతికొచ్చింది.

ఇక కప్పు. గ్రీజు కడిగి టార్చి వేస్తే గాడి గోడ మీద వేలి వెడల్పున మెరిసే మచ్చ. చూపుకి పల్లంలా లేదు, అద్దంలా ఉంది, అంతే. గోటితో మెల్లగా గీశాను. మచ్చ అంచు దగ్గర గోరు టక్కున ఆగింది. మూడు గాడుల్లోనూ అదే చోట. ఎదురు గోడ మీద గీస్తే గోరు చివరిదాకా జారిపోయింది. పాతపానా గారు రాసింది చదివినప్పుడు తలూపాను గానీ, గోరు ఆగినప్పుడే నిజంగా అర్థమైంది. ఇసుక మరీ లోపలికి పోలేదు, రోలర్లు బాగానే ఉన్నాయి. ఎడమ కప్పు కాస్త తక్కువ అరిగింది.

తప్పులు కూడా చెప్తాను. మూడు కాళ్లకీ రంగు పెన్నుతో గుర్తు పెట్టుకున్నాను, రోలర్లకి పెట్టడం మర్చిపోయాను. కప్పు లాగగానే ఒక రోలర్ జారి పనిముట్ల పెట్టె కిందికి దొర్లిపోయింది. దాన్ని పట్టుకోబోతే రెండోదీ జారింది. ఏది ఏ కాలిదో తెలీదు, రెండిట్నీ అందాజుగా పెట్టాను. ఎడమ వైపు కప్పు లాగీలాగకముందే మూడిటి చుట్టూ టేపు చుట్టేశాను. రెండో తప్పు, కుడి బూటు క్లాంపులు బిగించేముందు లోపలి గాలి సంగతి చూడలేదు. యాక్సిల్‌ని దాని పొడవుకి లాగగానే బూటు బుగ్గలు పీల్చుకున్న ముసలమ్మ మొహంలా అయింది. చిన్న క్లాంపు విప్పి, బూటు అంచు కిందికి మొండి స్క్రూడ్రైవర్ దూర్చితే "ఫుస్" అని గాలి పీల్చుకుని సర్దుకుంది. ఒక క్లాంపు వృథా.

కుడి వైపుకి మొత్తం తొమ్మిది గంటలు, ఎడమకి రెండున్నర. పెద్ద టార్క్ రెంచ్ అడిగి తెచ్చుకున్నాను. కొత్త నట్లు మాన్యువల్ అంకెకి బిగించి, అంచు అణిచి, నట్ మీంచి షాఫ్ట్ మీదికి తెల్ల రంగుతో ఒక గీత గీశాను, కదిలితే తెలియాలని.

రాత్రి అదే రోడ్డు, అదే మూడో గేరు. ఒణుకు లేదు. 34 దగ్గర గీత పడుకుంది. రివర్స్, ఫస్ట్, రివర్స్, ఫస్ట్ అని పదిసార్లు వేశాను. టక్ లేదు.

పాతపానా:

శభాష్. రోలర్ల విషయంలో చెవి మెలిపెట్టాల్సింది గానీ నువ్వే ఒప్పుకున్నావు కాబట్టి వదిలేస్తున్నా. ఒక వంద కిలోమీటర్లు తిరిగాక ఆ తెల్ల గీతా, లోపలి ఆరు నట్లూ చూసుకో. కారు అంతే దించి ఉంచితే ఈ గోడ కూడా ఏదో ఒక రోజు అరుగుతుంది, ఈసారి మార్చుకోడానికి మూడో గోడ లేదు. 15 మి.మీ. అయినా పైకి లేపు.

గ్రీజుచేతులు:

కప్పు మచ్చ ఫోటో పెట్టు బ్రో. నేను పారేసిన యాక్సిళ్లకి ఇంకో గోడ మిగిలే ఉందేమో అని ఇప్పుడు నిద్ర పట్టట్లేదు.

తొమ్మిదివేలు:

ఫోటో రేపు పెడతాను. స్ప్రింగుల గురించి కూడా ఆలోచిస్తున్నా, 15 కాదు, పూర్తిగా ఒరిజినల్ ఎత్తుకే.

ఈలోగా ఒక చిన్న కథ. మంగళవారం స్పీడ్ బ్రేకర్ ఎక్కగానే వెనక "టక్". గుండె జారిపోయింది. ఇంటికొచ్చి మళ్లీ స్టాండ్ల మీదికి ఎత్తాను. తెల్ల గీతలు రెండూ ఎక్కడివక్కడే, ఆరు నట్లూ బిగువుగానే ఉన్నాయి. అరగంట వెతికాక, సబ్‌ఫ్రేమ్ పైన ఇరుకులో నా రింగు స్పానర్ హాయిగా పడుకుని ఉంది. ఆదివారం రాత్రి దాని కోసం బావమరిదిని అరగంట తిట్టాను. ఇప్పుడు టక్ లేదు. ఇత్తడి ముక్క మాత్రం ఇంకా దొరకలేదు.